నేను మూసిన మేకల బాట

మా చేనికీ కొండకీ మధ్య ఒక బాట ఉండేది. దాన్ని మూసింది నేనే. కొండ కాలిన సంగతి ఎవరు ఎత్తినా నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. మా ఆయనకి అది నచ్చదు. "ఆ రోజు గాలి తిరిగిందని చెప్పొచ్చుగా" అంటాడు. గాలి తిరిగిన మాట నిజమే. కానీ గాలి ప్రతి ఏడూ తిరుగుతుంది.

మాది ఈపూరుకు అవతల, కొండ పాదాన ఉన్న ఊరు. ఊరు దాటాక వాగు, వాగు దాటగానే మా చేను. చేను పొడుగునా ఒక పక్క కొండ. కొండ ఎక్కి అటు దిగితే తండా. ఇటు మేమూ అటు వాళ్ళూ పత్తి, మిరప వేస్తాం. మధ్యలో ఉన్న కొండ మాత్రం ఇద్దరిదీ. సీతాఫలాల రోజుల్లో రెండు ఊళ్ళ ఆడవాళ్ళూ బుట్టలు పట్టుకుని ఎక్కి, కాయలు కోసి, వినుకొండ రోడ్డు మీద కూర్చుని అమ్ముకునేవాళ్ళు. విస్తళ్ళకి మోదుగాకులూ, చీపురు పుల్లలూ, పొయ్యిలోకి కట్టెలూ అన్నీ అక్కడివే. పెళ్ళై వచ్చిన కొత్తలో మా అత్తతో కలిసి నేనూ ఎక్కాను. ఆ తర్వాత గ్యాసు వచ్చింది, నాకు మోకాళ్ళ నొప్పులు వచ్చాయి, ఎక్కడం మానేశాను.

ఇక బాట సంగతి. అది ఎవరూ వేసింది కాదు. మా ఊళ్ళో మేకలు కాసుకునే పెద్దాయన ఒకడున్నాడు. చుట్టరికం లేకపోయినా నేను బాబాయ్ అంటాను, ఆయన నన్ను అమ్మాయ్ అంటాడు. పొద్దున్నే మందను తోలుకుని మా చేను అంచునే కొండెక్కి, సాయంత్రం అదే దారిన దిగేవాడు. ఆయనకి ముందు వాళ్ళ నాన్న కూడా అంతే. ఎన్నేళ్ళ గిట్టలు తొక్కాయో, బండి పట్టేంత వెడల్పున అక్కడ గడ్డిపరక మొలిచేది కాదు. నేల కల్లంలాగా తెల్లగా, గట్టిగా ఉండేది. రెండు పక్కలా మొలిచిందంతా మేకలే కొరికి శుభ్రం చేసేవి. మాకు అది మేకలు పోయే దారి, అంతకు మించి దాని గురించి ఎవరం ఆలోచించలేదు.

నాకు నోరు పెద్దది. నేను ఊరికే పిలిస్తే చాలు, మైకు అద్దెకి తేనక్కర్లేదని మా ఆయన అంటుంటాడు. ఆ ఏడు వానలు బాగా పడి పత్తి మంచి మొగ్గ మీద ఉంది. ఒక సాయంత్రం చేనికి పోయేసరికి మేకలు దిగి రెండు సాళ్ళ పొడుగునా తలలు కొరికేసి ఉన్నాయి. బాబాయ్ వాటిని అదిలిస్తూ బయటికి తోలుతున్నాడు. నన్ను చూసి ఆగి, జ్వరంగా ఉందని, బండ మీద కూర్చుంటే కునుకు పట్టిందని ఏదో చెప్పబోయాడు. నేను చెప్పనిస్తేగా. పొద్దుగూకేదాకా తిట్టాను. ఆయన్నీ, మేకల్నీ, మేకల్ని కనిపెట్టినవాణ్ణీ ఎవర్నీ వదల్లేదు. ఆయన మెడలో ప్లాస్టిక్ కవరులో వేలాడే ఫోను మోగుతూనే ఉంది. అది తీస్తే నాకు మర్యాద తప్పినట్టు ఉంటుందనుకున్నాడేమో, తీయకుండా తలొంచుకుని విన్నాడు.

మర్నాడు నేను మా ఆయనతో చెప్పకుండా ఇద్దరు కూలీలను పెట్టి సర్కారు తుమ్మ కంప కొట్టించాను. బాట పొడుగునా, ఈ చివర నుంచి ఆ చివర దాకా పరిపించాను. కొంత నేనే లాక్కొచ్చి వేశాను, చేతులు గీసుకుపోయాయి. ఆ పని నాకు ఎంత తృప్తిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది.

బాబాయ్ మందతో వచ్చి కంప ముందు నిలబడ్డాడు.

"బాట మూయబాకమ్మాయ్. గడ్డి లేసిద్ది" అన్నాడు.

"లేస్తే మా గేదె తినిద్ది" అన్నాను.

ఆయన మందను తిప్పుకుని వాగు వెంట చుట్టు తిరిగి, కొండకి పడమటి పక్క నుంచి ఎక్కడం మొదలుపెట్టాడు. ఆ వయసులో అది రోజూ ఒక గంట ఎక్కువ నడక. నాకు తెలుసు, తెలిసీ ఊరుకున్నాను.

ఆయన చెప్పినట్టే గడ్డి లేచింది. తొక్కే గిట్ట లేక, కొరికే నోరు లేక, కంప సందుల్లోంచి మోకాలెత్తు పెరిగింది. ముళ్ళలో చెయ్యి పెట్టి కోసేదెవరు? గేదెకి ఒక్క మోపు కూడా వేయలేదు. సంక్రాంతి దాటేసరికి ఎండి పసుప్పచ్చగా మారింది, దాని కింద కంపా ఎండింది. రోజూ దాని పక్కనే నడిచి చేలోకి పోతుండేదాన్ని.

పత్తి తీతలయ్యాక కట్టె పీకి కుప్పలేసి కాల్చడం మా వైపు మామూలే. అది కూడా ఒక పద్ధతిగా చేస్తాం. నిప్పు పాకకుండా చేను చుట్టూ మూడు వైపులా ట్రాక్టరుతో నాలుగు చాళ్ళు దున్నించి, పచ్చిమట్టి పైకి తేలాకే అంటిస్తాం. కొండ వైపు మాత్రం దున్నం. అక్కడ రాళ్ళు. గొర్రు కర్రులు విరుగుతాయని ట్రాక్టరు వాళ్ళు ఒప్పుకోరు, బాట ఉండగా దున్నాల్సిన అవసరమూ ఉండేది కాదు.

కోటప్పకొండ తిరునాళ్ళ అయిపోయిన రెండో వారం అది. మూడు వైపులా దున్నాక ట్రాక్టరు అబ్బాయి ఇంజను ఆపకుండానే అడిగాడు.

"కొండేపు ఏం చేద్దాం?"

"అటేపు బాట ఉందిగా" అన్నాడు మా ఆయన.

నేను పక్కనే ఉన్నాను. ఉందని తలూపాను. కంప వేసింది నేను, గడ్డి లేచిందని రోజూ చూస్తున్నదీ నేను. అయినా తలూపాను. ప్రతి ఏడూ అడిగే మాట, ప్రతి ఏడూ చెప్పే జవాబు. ఆ అలవాటులో ఇద్దరం ఒక్కసారి కొండ వైపు తిరిగి కూడా చూడలేదు.

కుప్పలు సగం కాలాక గాలి తిరిగింది. రెండు నిప్పురవ్వలు వెళ్ళి కంపలో పడ్డాయి. ఎండిన తుమ్మ కంప అంటుకుంటే ఎలా ఉంటుందో పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. చివర నుంచి చివరకి మంట పరుగెత్తింది. మేము తడి గోతాలు తీసుకుని అక్కడికి చేరేసరికే కొండ గడ్డి అందుకుంది. కానుగ కొమ్మలతో కొట్టాం, బిందెలతో పోశాం, మా ఆయన కాళ్ళకి బొబ్బలెక్కాయి. ఊళ్ళోంచి జనం వచ్చారు. ఫైరింజనూ వచ్చింది, కానీ కొండ ఎక్కే దారి ఎక్కడుంది? రోడ్డు పక్కన ఆపి, ఇళ్ళ వైపు రాకుండా వాళ్ళు చూసుకున్నారు. మంట మాత్రం పైకి పోయింది. చీకటి పడే వేళకి కొండ నెత్తి మీద ఎర్రటి గీత కనపడింది.

మర్నాడు అది అటు దిగింది. అటు పక్క కొండ మొదట్లో తండా వాళ్ళ మిరప కల్లాలు ఉన్నాయి. వాళ్ళు పరుగులు పెట్టి గోతాలకెత్తినంత ఎత్తుకున్నారు. కొండకి మరీ దగ్గరగా ఉన్న ఒకామె కల్లం మాత్రం దక్కలేదు. ఆమెకి మగదిక్కు లేదు, చేనంతా కౌలుది, ఆ ఏటి కాయంతా అక్కడే ఎండబోసి ఉంది.

మిరపకాయలు కాలితే మంట కన్నా ముందు పొగ చంపుతుంది. ఆర్పడానికి దగ్గరికి పోలేరు. పుట్టిన దగ్గర్నుంచీ కారం తిన్న వాళ్ళం, కోతల్లో చేతులు మండినా పట్టించుకోని వాళ్ళం, ఆ ఘాటుకి రెండు ఊళ్ళూ ఇళ్ళు వదిలి వినుకొండ రోడ్డు మీదికి పోయాం. పసిపిల్లలు ఏడవడానికి కూడా ఊపిరి అందక దగ్గారు. బడి మూసేశారు. బస్సులు అద్దాలు మూసుకుని ఆగకుండా పోయాయి. గేదెలు కట్టుగుంజల దగ్గర కళ్ళ వెంట నీళ్ళు కారుస్తూ నిలబడ్డాయి. ఆ రెండు రోజులు ఎవరి కళ్ళ నీళ్ళు ఏడుపువో, ఎవరివి ఘాటువో తెలియలేదు.

వినుకొండలో స్ప్రేయర్లు బాగుచేసే సాయిబు ఒకడు మా అందరికీ తెలుసు, నన్ను అక్కా అంటాడు. మిరపకి మందు కొట్టే ట్యాంకరు ట్రాక్టరుకి తగిలించుకుని, నీళ్ళు నింపుకుని తండాకి వచ్చాడు. అవి రంజాన్ రోజులు, ఒక్కపొద్దు మీద ఉన్నాడు. తడి తువ్వాల కళ్ళ దాకా చుట్టుకుని, పైపు పట్టుకుని, గాలికి ఎదురు నిలబడి కొట్టాడు. పక్క కల్లాలు ఆ రోజు దక్కాయంటే అతని వల్లే. నోట్లోంచి నీళ్ళలాంటిది కారుతుంటే ఊసేవాడే గానీ గుక్కెడు నీళ్ళు తాగలేదు. పొద్దుగూకాక రోడ్డు మీదికి వచ్చినప్పుడు నేను మంచినీళ్ళ సీసా ఇస్తే అందుకున్నాడు.

"ఎట్టా అంటుకుందక్కా?" అని అడిగాడు.

"ఏమో తమ్ముడూ" అన్నాను.

మొదటి అబద్ధం అతనికే చెప్పాను. ఒక్కపొద్దు విడుస్తున్న మనిషికి. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడో రోజుకి మంట చల్లారింది. మనుషులకి ప్రాణాపాయం లేదు. కానీ కొండ నల్లగా అయిపోయింది. సీతాఫలం చెట్లు మోళ్ళుగా మిగిలాయి. కోతులు ఊళ్ళో పడ్డాయి, అడవిపందులు చేలల్లో పడ్డాయి. విస్తళ్ళు కుట్టే ఆడవాళ్ళు కూలికి బయల్దేరారు. ఒక్క పడమటి పక్క మాత్రం గడ్డి కాలకుండా నిలిచింది. అది బాబాయ్ మేకలు మేసే పక్క.

దాంతో ఊరికి జవాబు దొరికింది. పాత గడ్డి తగలబెడితే తొలకరికి లేత గడ్డి వస్తుందని కొందరు మేకల వాళ్ళు నిప్పు పెట్టడం మా వైపు ఎరిగిన సంగతే. తన మేత ఉంచుకుని మిగతా కొండ తగలబెట్టాడని ఒకరన్నారు, పదిమంది అవునన్నారు. పాలకేంద్రం వరండాలో రెండు ఊళ్ళ పెద్దలూ కూర్చుని ఆయన్ని పిలిపించారు. నేనూ మా ఆయనా గోడ వారగా నిలబడ్డాం. మా చేలో కట్టె కాలిందని అందరూ చూసిందే. కానీ మూడు పక్కలా దున్ని ఉంది, నాలుగో పక్క బాట ఉంది, ఇక వీళ్ళ చేలోంచి నిప్పెలా దాటుతుందని పెద్దలే మా తరఫున మాట్లాడారు. వాళ్ళు కూడా మాలాగే అన్నారు, బాట ఉందిగా అని. కంప బూడిదైపోయింది. అక్కడ కంప ఉండేదని తెలిసింది మా ఇద్దరికీ, కూలీలకీ, బాబాయ్‌కీ. కూలీలు పని వెతుక్కుంటూ శావల్యాపురం వైపు పోయారు.

"నేను పెట్టలా" అన్నాడు బాబాయ్. "నా మేకల మీద ఆన."

ఇంకో మాట ఏదైనా అంటాడేమోనని చూశాను. అనలేదు. ఒక్కసారి నా వైపు చూసి తల తిప్పుకున్నాడు. ఇక మీదట ఆయన మంద కొండెక్కకూడదని తేల్చారు. సెంటు భూమి లేని మనిషి మేకల్ని ఎక్కడ మేపుతాడు? అమ్ముకోవడమే. ఆ మాట పైకి ఎవరూ అనలేదు గానీ అందరికీ అర్థమైంది.

నేనెందుకు నోరు విప్పలేదంటే, భయం. అంతే, దానికి ఇంకో పేరు పెట్టను. తండా ఆమె పంట మా మెడకి చుట్టుకుంటుందని, ఉన్న చేను పోతుందని భయం. మా ఆయన ఇంటికొచ్చాక తలుపు దగ్గరకి వేసి, "ఆయన చెప్పలేదు, మనమెందుకు చెప్పాలి?" అన్నాడు. ఆ క్షణానికి నాకు అది న్యాయంగానే వినపడింది.

కానీ అన్నం సహించలేదు. నాలుగు రోజులకి, మోకాళ్ళు నొప్పి పెడుతున్నా కర్ర పట్టుకుని కొండెక్కాను. చెప్పుల కింద బూడిద మెత్తగా దిగబడింది. పడమటి పక్కకి పోయేసరికి అక్కడ ఒక సన్నటి కొత్త బాట కనపడింది. నేను దారి మూశాక ఆయన మేకలు తొక్కిన బాట. దానికి ఇటు పక్కంతా నలుపు. అటు పక్క ఎండుగడ్డి నిలబడి గాలికి ఊగుతోంది. మంట ఆ బాట దాకా వచ్చి ఆగిపోయింది.

ఒక వానాకాలం, ఒక చలికాలం తొక్కిన బాటే ఆపగలిగింది. మరి తండ్రీ కొడుకులు బతుకంతా తొక్కిన బాట ఆపేది కాదా? గడ్డి లేస్తుందని ఆయన చెప్పింది మేత గురించి కాదని నాకు అక్కడ బోధపడింది. బూడిదలోనే కూర్చుని ఏడ్చాను.

దిగి నేరుగా ఆయన ఇంటికి పోయాను. దొడ్లో మేకలకి తుమ్మకాయలు వేస్తున్నాడు.

"ఎందుకు చెప్పలేదు బాబాయ్?" అన్నాను.

"నువ్వు చెప్తావేమోనని చూశా అమ్మాయ్" అన్నాడు.

కోపంగా అనలేదు. టైము అడిగితే చెప్పినట్టు చెప్పాడు. రెండు సాళ్ళ పత్తికి వాగు అవతలి దాకా వినపడిన నా నోరు, ఆయన ముందు ఆ పూట పెగల్లేదు. రేపు పాలకేంద్రం దగ్గర అందరి ముందూ చెప్తానని మాత్రం అనగలిగాను. ఆయన తలూపి మళ్ళీ మేకల వైపు తిరిగాడు. బేరగాడు ఎప్పుడు వస్తున్నాడని నేను అడగలేదు. ఆ ఒక్క మాట అడిగి ఉంటే.

ఇంట్లో గొడవైంది. దాని గురించి రాయను, మా ఆయన చెడ్డవాడు కాదు. పొద్దున పాలు పోసే వేళకి ఇద్దరం కలిసే వెళ్ళాం. తండా వాళ్ళు కొండ చుట్టు తిరిగి రావాలి కాబట్టి ఆలస్యంగా వస్తారు. కల్లం కాలినామె వచ్చేదాకా ఆగాను. బాట మూసింది నేనని, కంప వేసింది నేనని, ఉందిగా అంటే తలూపింది నేనని అన్నీ చెప్పాను. గొంతు పెద్దది చేయకుండా మాట్లాడటం నాకు అదే మొదలు. పాలు కొలిచే అతను చేతిలో కొలత పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

తండా ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"కాలిన రోజే వచ్చి చెప్తే నీతో కూర్చుని ఏడ్చేదాన్ని. ఇప్పుడు నా ఏడుపు అయిపోయింది" అంది.

పెద్దల్లో ఒకాయన గొంతు సవరించుకుని, అయితే మేకలు కొండెక్కొచ్చని, మాట వెనక్కి తీసుకుంటున్నామని అన్నాడు. అందరూ వెనక్కి చూశారు. బాబాయ్ అప్పుడే వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఒళ్ళో చేతులు పెట్టుకుని ఉన్నాడు, పక్కన కర్ర లేదు.

"తెల్లారకముందే బండెక్కించాను" అన్నాడు.

మా కల్లంలో ఉన్న కాయ తండా ఆమె కల్లానికి తోలాం. ఆమె వద్దనలేదు, తీసుకుంది. ఆమె పోగొట్టుకున్నదానికి అది సరిపోదని ఆమెకీ తెలుసు, మాకూ తెలుసు. కనపడితే పలకరిస్తుంది గానీ ఇంట్లోకి రమ్మని ఇంతవరకూ పిలవలేదు. నేనూ ఆ పిలుపు కోసం తొందరపడటం లేదు.

ఆ వానాకాలం నేను నాలుగు మేకపిల్లల్ని కొని బాబాయ్ దొడ్డికి తోలుకెళ్ళాను. వద్దన్నాడు. కాళ్ళలో సత్తువ పోయిందని, ఇక కొండెక్కలేనని అన్నాడు. మంద ఉన్నంత కాలం ఉన్న సత్తువ మందతోనే పోయింది మరి. వాటిని వెనక్కి తోలుకొచ్చి నేనే కాయడం మొదలుపెట్టాను. ఊళ్ళో వాళ్ళు వెనక నుంచి మేకలాగా అరిచి నవ్వారు, నవ్వనీ అనుకున్నాను. మందు ఎప్పుడు తాగించాలో, ఏ ఆకు పడదో, ఎలా అదిలించాలో సాయంత్రం పూట ఆయన అరుగు మీద కూర్చుని నేర్చుకున్నాను. ఇప్పుడు అవి చిన్న మంద అయ్యాయి. పొద్దున ఎక్కిస్తాను, సాయంత్రం దించుతాను. బాట ఇంకా పూర్తిగా తెల్లబడలేదు. మధ్యమధ్య పార పట్టి చెక్కాల్సి వస్తోంది. మేము కట్టె కాల్చడం మానేశాం, ముక్కలు కొట్టించి మట్టిలో కలిపిస్తున్నాం. అయినా బాట చెక్కుతూనే ఉంటాను.

కొండ మీద మోళ్ళకి చిగుళ్ళు వచ్చాయి. పోయిన శ్రావణంలో రెండు మూడు చెట్లకి సీతాఫలాలు కాసినా, ఇంకా గోలీలంత ఉండగానే రాలిపోయాయి.

మొన్న వానల్లో మోకాలు పట్టేసి గట్టు మీద కూర్చున్నాను. లేచి చూసేసరికి నా మేకలు వాగు పక్క చేలో దిగి పత్తి తలలు కొరుకుతున్నాయి. ఆ చేను గల పిల్ల, కొత్తగా కాపురానికి వచ్చింది, పరుగెత్తుకుంటూ వచ్చింది. కాళ్ళు నొప్పి అని చెప్పబోయాను, చెప్పనివ్వలేదు. నన్నూ నా మేకల్నీ కలిపి తిట్టింది. తలొంచుకుని విన్నాను. అంతా అయ్యాక, "నా మేకలదే తప్పమ్మాయ్. కంప మాత్రం వెయ్యబాక" అన్నాను. ఆ పిల్లకి ఏమీ అర్థం కాలేదు.

సాయంత్రం మందను దొడ్లో కట్టేసి బాబాయ్ అరుగు దగ్గరికి పోయి చెప్పాను.

"చానాసేపు తిట్టిందా?" అన్నాడు.

"చానాసేపే."

"నువ్వు తిట్టినంత సేపా?"

"అంత లేదులే బాబాయ్" అన్నాను.

కొంచెం జరిగి, అరుగు మీద నాకు చోటిచ్చాడు.